లాంగ్ రన్ మధ్యలో కాళ్లు మొరాయిస్తే: సీమ వాతావరణంలో సాధన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కర్నూలు, కడపలలో రేసుకు సాధన చేస్తున్నవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆదివారం చేసే లాంగ్ రన్‌లో, అంటే వారంలోకెల్లా పొడవైన పరుగులో, 12 లేదా 13 కిలోమీటర్ల వరకు పరుగు బాగానే సాగుతుంది, ఆ తరువాత కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి, ఇక అడుగు పడదనిపిస్తుంది. అప్పుడు పంటి బిగువున ముందుకు పోవాలా, ఆపేయాలా?

తిండి చాలక వచ్చిన నీరసానికి చేయవలసిన పని వేరు, ఎండ వల్ల వచ్చిన నీరసానికి వేరు, మోకాలి నొప్పికి పూర్తిగా వేరు. కారణం తెలియకుండా మొండిగా పరుగెత్తినవారు కొన్నిసార్లు ఆస్పత్రి దాకా వెళ్తారు. కారణం తెలియకుండా ఆపేసినవారు ఐదు నిమిషాల్లో తీరిపోయే ఇబ్బందికి వారం సాధన పోగొట్టుకుంటారు. అందుచేత ముందు కారణం పట్టుకోవాలి, మొండితనం సంగతి ఆ తరువాత చూడాలి.

లెక్కలు సులభంగా అర్థం కావడానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ విభాగాన్ని, అంటే సుమారు 21.1 కిలోమీటర్లను, 2 గంటల 15 నిమిషాల్లో ముగించాలనుకుంటున్న 60 కిలోల బరువున్న వ్యక్తి ఈ ఆదివారం 18 కిలోమీటర్లు పరుగెత్తాలి.

1. ఈ దూరం ఇప్పుడు మీకు తగినదేనా

మధ్యలో వచ్చే కష్టాల్లో సగం దూరం ఎంపికలోనే మొదలవుతాయి. వారమంతా కలిపి 20 కిలోమీటర్లు పరుగెత్తిన వ్యక్తి ఆదివారం ఒక్కరోజే 18 కిలోమీటర్లకు దిగితే శరీరం ఎదురు తిరగడం సహజం. వారం మొత్తం దూరంలో లాంగ్ రన్ మూడో వంతుకు అటూ ఇటూగా ఉండాలి. వారానికి మూడు రోజులే పరుగెత్తేవారికి అది సగం వరకు పోయినా, అంతకు మించకూడదు.

బయలుదేరాలని నిర్ణయించే ముందు వీటిని సరిచూసుకోండి:

- గత నెల రోజుల్లో చేసిన అతి పెద్ద పరుగు కంటే ఈ దూరం 2 కిలోమీటర్లకు మించి ఎక్కువ కాకూడదు.
- వరుసగా మూడు వారాలు దూరం పెంచి ఉంటే, నాలుగో వారం పెంచకుండా పావు వంతు తగ్గించాలి.
- మొత్తం సమయం 3 గంటలు దాటకూడదు. హాఫ్‌కు 18 నుంచి 20, ఫుల్ మారథాన్‌కు, ఆ 3 గంటల్లో ముగించగలిగితే, 30 నుంచి 32 కిలోమీటర్ల లాంగ్ రన్ సరిపోతుంది. సాధనలోనే రేసు దూరం మొత్తం పరుగెత్తవలసిన అవసరం లేదు.
- జ్వరం, విరేచనాలు, ఛాతీలో కఫం ఉన్న వారంలో లాంగ్ రన్ వద్దు.

మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, చాలా ఏళ్లు వ్యాయామం లేకుండా ఉండి నలభై దాటాక మొదలుపెట్టినవారు డాక్టరు సలహా తీసుకున్న తరువాతే ఈ దూరాలకు రావాలి. ఈ మాటను దయచేసి లాంఛనంగా తీసుకోకండి.

2. దారి, గాలి, వేళ

సీమలో వేళను ఎండే నిర్ణయిస్తుంది. సూర్యోదయమైన గంటలోపు పరుగు ముగిసేలా వెనక్కి లెక్కవేసుకోవాలి. మన ఉదాహరణలో 18 కిలోమీటర్లను కిలోమీటరుకు 7 నిమిషాల 30 సెకన్ల చొప్పున పరుగెత్తితే 2 గంటల 15 నిమిషాలు పడుతుంది, 6.45కు ముగియాలంటే 4.30కు తొలి అడుగు పడాలి, అంటే 3.40కైనా నిద్ర లేవాలి. శనివారం రాత్రి ఎన్నింటికి పడుకోవాలో ఇక్కడే తేలుతుంది.

రెండవది గాలి. ఆషాఢ మాసంలో అనంతపురం జిల్లాలో పడమటి నుంచి వీచే గాలి ఎంత బలమైనదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆగస్టు రేసుకు సాధన సరిగ్గా ఆ రోజుల్లోనే జరుగుతుంది. అందువల్ల వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలివాటుగా ఉండేలా దారి పెట్టుకోవాలి. దీన్ని తిరగేస్తే, తొలి సగంలో గాలి నెట్టడాన్ని మన సత్తా అనుకుని వేగం పెంచుతాము, అలసిపోయిన రెండో సగంలో అదే గాలి ముఖాన కొడుతుంది. ఎదురుగాలిలో గడియారంలోని వేగాన్ని పట్టించుకోకుండా శ్రమను సమానంగా ఉంచండి. కిలోమీటరుకు 20 సెకన్లు ఎక్కువ పట్టినా నష్టం లేదు.

మూడవది భద్రత. 44వ నంబరు జాతీయ రహదారి వెడల్పుగా, చదునుగా ఉందని చీకట్లో దాని అంచున పరుగెత్తడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అనంతపురంలో పోలీసు శిక్షణ కళాశాల మైదానం, ఇటుకలపల్లి వద్దనున్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం వంటి చోట్ల అనుమతి, వేళలు కనుక్కుని తిరగడం మేలు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి బాటలు వాన పడిన మరునాడు బూట్లకు ముద్దలుగా అంటుకుంటాయి కనుక ఆ రోజుకు తారు రోడ్డు చూసుకోవాలి. కడపలో పాలకొండల వైపు ఎక్కేవారు ఎత్తును దూరంగా కాక సమయంగా లెక్కించాలి.

4 లేదా 5 కిలోమీటర్ల చుట్టును నాలుగుసార్లు తిరగడం నా దృష్టిలో అన్నింటికంటే మంచి ఏర్పాటు. నీళ్లు, తినుబండారాలు ఒకేచోట పెట్టుకోవచ్చు, ఒంట్లో బాగోకపోతే ఇల్లు దగ్గరలోనే ఉంటుంది. చీకట్లో ఒంటరిగా వెళ్లవద్దు. ముఖ్యంగా మహిళలకు ప్రాంగణమో, బృందమో ఉన్నప్పుడే తెల్లవారుజామున దిగమని చెబుతాను. వాహనాలు ఎదురుగా కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన నడవాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటివైపు తిరిగి, నెమ్మదిగా నడుస్తూ దాటిపోవాలి. పరుగెత్తే కొద్దీ అవి తరుముతాయి.

3. ముందు రోజు, ఆ ఉదయం

శరీరంలో పిండిపదార్థం కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నా మెదడు కాలేయంలోని నిల్వను వాడుకుంటూనే ఉంటుంది. కాబట్టి రాత్రి అరకొరగా తిని, ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరినవారికి 13వ కిలోమీటరు దగ్గర కళ్లు తేలిపోవడంలో ఆశ్చర్యం లేదు. 60 కిలోల వ్యక్తి 18 కిలోమీటర్లకు సుమారు 1,080 కేలరీలు ఖర్చు చేస్తాడు.

శనివారం మధ్యాహ్నం, రాత్రి అన్నం కొంచెం ఎక్కువగా, నూనె, కారం, పీచు కొంచెం తక్కువగా ఉండాలి. రాగి సంకటి అలవాటున్నవారు దాన్ని మధ్యాహ్నం తినడం మేలు. రాత్రి పొద్దుపోయి సంకటి, మాంసం పులుసు తింటే తెల్లవారి కడుపు బరువుగా ఉంటుంది. శనివారం మొత్తం కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. పడుకునే ముందు లీటరు ఒక్కసారి తాగితే నిద్ర చెడడం తప్ప ప్రయోజనం లేదు.

ఉదయం బయలుదేరడానికి 40 నిమిషాల ముందు ఒక అరటిపండు, లేదా బెల్లం వేసిన పలుచని రాగి జావ ఒక గ్లాసు, దాంతోపాటు 300 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. కాఫీ అలవాటుంటే తాగండి, లేకపోతే ఆ రోజు కొత్తగా మొదలుపెట్టవద్దు.

రాత్రే బయట పెట్టి ఉంచవలసినవి:

- కనీసం 50 కిలోమీటర్లు తొడిగి అలవాటైన బూట్లు, నూలు కాని మేజోళ్లు
- తొడలు, చంకలు, మగవారైతే చనుమొనలు ఒరుసుకుపోకుండా రాసుకోవడానికి వ్యాసలైన్
- టోపీ, చిన్న టార్చి, వెలుగు పడితే మెరిసే పట్టీ
- నీళ్ల సీసాలు రెండు: ఒకటి మామూలు నీళ్లు, ఒకటి ఓఆర్ఎస్
- తినుబండారాలు చిన్న కవరులో
- ఫోను, 100 రూపాయలు, పేరు, రక్త గ్రూపు, ఇంటివారి నంబరు రాసిన చీటీ

ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పాలి.

4. తొలి 5 కిలోమీటర్లు

కష్టం 13వ కిలోమీటరు దగ్గర కనబడినా, దానికి కారణం చాలాసార్లు 3వ కిలోమీటరు దగ్గర ఉంటుంది. చల్లటి వేళ, తాజా కాళ్లు, పక్కన స్నేహితుడు ఉన్నప్పుడు వేగం తెలియకుండానే పెరుగుతుంది.

మన ఉదాహరణలో రేసు వేగం కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. లాంగ్ రన్ దానికంటే 45 నుంచి 75 సెకన్లు నెమ్మదిగా ఉండాలి, అంటే 7.09 నుంచి 7.39 మధ్య. తొలి రెండు కిలోమీటర్లు ఇంకా నెమ్మదిగా, దాదాపు 8 నిమిషాలకు ఒకటిగా పోనివ్వండి.

గడియారం లేనివారు మాటతో పరీక్షించుకోవచ్చు. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలగాలి. మూడు మాటలకోసారి ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. ఒంటరిగా ఉంటే ఇంటి చిరునామాను పిన్‌కోడుతో సహా బిగ్గరగా చెప్పి చూడండి.

5. దారిలో తిండి, నీళ్లు

ఆకలి వేసినప్పుడు తిందాం, దాహం బాగా వేసినప్పుడు చూద్దాం అనుకుంటే ఆలస్యమవుతుంది, ఎందుకంటే తిన్నది రక్తంలోకి చేరడానికి 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. గంటన్నర దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. 45వ నిమిషం దగ్గర మొదలుపెట్టి ప్రతి 30 నిమిషాలకు ఒకసారి కొంచెం తినండి.

మన ఊళ్లో దొరికేవాటిలో అరటిపండు అన్నింటికంటే సులువు. మధ్యరకం పండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. 25 గ్రాముల బెల్లం ముక్క కూడా దాదాపు అంతే పని చేస్తుంది. రెండు మూడు ఖర్జూరాలు విత్తనం తీసి పెట్టుకోవచ్చు. శెనక్కాయల చిక్కీ మన జిల్లా సొత్తే అయినా పరుగు మధ్యలో దాన్ని నేను సిఫారసు చేయను. అందులోని కొవ్వు కడుపులో నిదానంగా అరుగుతుంది, నమలడానికి నోరు పొడిబారి ఉంటుంది, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. ఇల్లు చేరాక అది మంచి తిండి.

ఓఆర్ఎస్ విషయంలో ఒక అపోహ తొలగించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. అది ఉప్పును, నీటిని సరిచేస్తుంది గాని రెండు గంటల పరుగుకు కావలసిన శక్తిని ఇవ్వదు. ఓఆర్ఎస్ తాగుతున్నాను కదా అని తినడం మానేసినవారే ఎక్కువగా చతికిలబడతారు. లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీటిలోనే కలపాలి. అర లీటరులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

నీళ్లు ఎంత తాగాలన్నది మనిషిని బట్టి మారుతుంది. 15 నుంచి 20 నిమిషాలకోసారి మూడు నాలుగు గుక్కలతో మొదలుపెట్టి, మీ లెక్కను తూకంతో తేల్చుకోండి. పరుగుకు ముందు, తరువాత చెమట తుడుచుకుని తక్కువ బట్టలతో బరువు చూడాలి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు లోటు పడినట్టు. 60 కిలోల వ్యక్తి 1.2 కిలోల కంటే ఎక్కువ తగ్గితే వచ్చేవారం ఇంకొంచెం తాగాలి. బరువు పెరిగితే మాత్రం అవసరానికి మించి తాగినట్టు. రక్తంలో ఉప్పు పలచబడడం ప్రాణాపాయం కాబట్టి వెంటనే తగ్గించాలి.

సీమ గాలి పొడిగా ఉండే రోజుల్లో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కనుక చెమట పట్టలేదని అనుకోవద్దు. పరుగు ముగిశాక టోపీ అంచున తెల్లటి ఉప్పు చార కనబడుతుంది, బుగ్గ మీద వేలు రాస్తే గరగరలాడుతుంది. అదే మీ చెమట. జనవరిలో ముంబయి రేసుకు వెళ్లేవారికి ఇది తిరగబడుతుంది. సముద్రపు తేమలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, కాబట్టి ఇక్కడి వేగాన్ని అక్కడ యథాతథంగా ఆశించకూడదు.

6. కష్టం వచ్చిన ఆ పది నిమిషాలు

కాళ్లు ఆడడం లేదనిపించిన క్షణంలో మనసు రెండు మాటలే చెబుతుంది: ఇంకా గట్టిగా పరుగెత్తు, లేదా ఇక్కడే కూలబడు. రెండూ వద్దు. ఈ వరుసలో చేయండి.

మొదటి పని: నడవడం. రెండు నిమిషాలు నడవండి. కూర్చోవద్దు, గోడకు ఆనుకుని నిలబడవద్దు. బృందంలోని తమ్ముడొకరు "అన్నా, కాళ్లు పట్టుకున్యాయి, ఇంగ నాతో కాదు" అన్నప్పుడు పెద్దవారు చెప్పవలసిన మాట ఇంతే: "నడువప్పా. రెండు నిమిషాలు ఏం ఆలోచించొద్దు, నడువు." ధైర్యవచనాలు అప్పుడు చెవికెక్కవు, నడక ఎక్కుతుంది.

రెండవ పని: ఒంటిని పై నుంచి కిందికి చూసుకోవడం. అలసిన మనిషి చేతులను గమనించండి. పిడికిళ్లు బిగుసుకుని ఉంటాయి, బొటనవేలి గోరు చూపుడువేలి పక్కన గుచ్చుకుని గుర్తు పడి ఉంటుంది, భుజాలు చెవుల దగ్గరికి వచ్చి ఉంటాయి, దవడ బిగిసి ఉంటుంది. చేతులు కిందికి వదిలి విదిలించండి. నోరు తెరిచి దవడను కదిలించండి. ఊపిరిని పూర్తిగా బయటికి వదలండి. లోపలికి అదే వస్తుంది.

మూడవ పని: కారణం పట్టుకోవడం. తాపీగా నడుస్తూ ఈ వివరాలతో పోల్చుకోండి.

*శక్తి అయిపోవడం.* కాళ్లు ఖాళీ అయినట్టు, తల తేలికగా, కారణం లేని కోపంగా ఉంటుంది. ఎక్కడా ప్రత్యేకంగా నొప్పి ఉండదు. అరటిపండో బెల్లమో తిని, నాలుగు గుక్కలు తాగి, మొత్తం 5 నిమిషాలు నడిచి, మెల్లగా మొదలుపెట్టండి. పావుగంటలో తేడా తెలుస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారికి ఇవే లక్షణాలు చక్కెర పడిపోవడం వల్ల రావచ్చు కనుక వారు వెంటనే చక్కెర తీసుకుని, పరుగు అక్కడితో ఆపాలి.

*వేగం ఎక్కువ కావడం.* ఊపిరి ఆడదు, మాట రాదు, తొడలు మండుతాయి. నడకతో ఊపిరి నిలదొక్కుకుంటుంది. ఆ తరువాత కిలోమీటరుకు 30 సెకన్లు ఎక్కువ పట్టేలా నెమ్మదించి మిగిలిన దూరం పూర్తి చేయవచ్చు.

*వేడి.* వేగం మారకపోయినా గుండె వేగంగా కొట్టుకుంటుంది, ముఖం వెచ్చగా ఉంటుంది, నీళ్లు తాగినా తృప్తి ఉండదు. నీడకు చేరి తల, మెడ, ముంజేతులపై నీళ్లు పోసుకోండి. తేరుకున్నాక నడక, పరుగు కలిపి ఇంటికి దగ్గరి దారి పట్టండి. ఎండ మీద పంతం పట్టి నెగ్గినవారు లేరు.

*పక్కటెముకల కింద పోటు.* వేగం తగ్గించి, పోటు ఉన్నచోట రెండు వేళ్లతో నొక్కి, కొద్దిగా ముందుకు వంగి ఊపిరి గట్టిగా వదలండి. ఇది ప్రమాదం కాదు.

*కండరం పట్టేయడం.* పిక్క పట్టేస్తే ఆగి, మడమ నేలకు ఆనించి, కాలివేళ్లను మెల్లగా పైకి లాగండి. కుదుపులు వద్దు. ఓఆర్ఎస్ తాగి 5 నిమిషాలు నడవండి. రెండోసారి పట్టేస్తే నడకతోనే ముగించండి.

*నొప్పి.* రెండు కాళ్లలో సమానంగా, కండరమంతా పరుచుకుని ఉండే నొప్పి అలసట. ఒకే కాలిలో, వేలు పెట్టి చూపించగలిగినచోట ఉండి, అడుగడుగుకూ పెరిగే నొప్పి గాయం. దానితో పరుగెత్తవద్దు. కుంటుతున్నారా లేదా అన్నది పక్కవారిని అడగండి, మనకు తెలియదు.

*మనసు.* పైవన్నీ చూసినా ఏదీ సరిపోలకపోతే, మాట స్పష్టంగా వస్తుంటే, నడక తిన్నగా ఉంటే, మిగిలింది విసుగు. ఇక్కడ మాత్రమే మొండితనం పనికొస్తుంది.

నాలుగవ పని: చిన్న గమ్యం. ఇంకా 5 కిలోమీటర్లు ఉందన్న లెక్క మరచిపోండి. వచ్చే కరెంటు స్తంభం దాకా, ఆ వేపచెట్టు దాకా, మలుపులోని టీ బంకు దాకా. అక్కడికి చేరాక మరొకటి. కొందరికి అడుగులు లెక్కించడం కుదురుతుంది: కుడికాలు పడినప్పుడల్లా ఒకటి, వందకు చేరాక మళ్లీ ఒకటి నుంచి. చిన్న అడుగులు వేయండి, చూపు 20 అడుగుల దూరాన ఉంచండి.

ఐదవ పని: పది నిమిషాల తరువాత నిర్ణయం. నెమ్మదిగా పది నిమిషాలు పరుగెత్తి చూడండి. పరిస్థితి అలాగే ఉన్నా, మెరుగైనా కొనసాగించండి. దిగజారితే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకగా మార్చండి. అదీ కుదరకపోతే నడిచి ఇంటికి రండి. నడకతో ముగిసిన 18 కిలోమీటర్లు కూడా కాళ్లకు రెండున్నర గంటల సాధనే.

7. చర్చ లేకుండా ఆపవలసినవి

- ఛాతీలో నొప్పి, బిగువు, ఎడమ చేయికి లేదా దవడకు పాకే నొప్పి
- కళ్లు తిరగడం, మాట తడబడడం, ఎక్కడున్నామో తెలియకపోవడం
- ఎండలో ఉండగా చలి వేయడం, రోమాలు నిక్కబొడుచుకోవడం
- ఆగని వాంతులు
- కుంటకుండా నడవలేకపోవడం

మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు ప్రతి నిమిషమూ విలువైనది. 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. మంచు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకూడదు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు.

8. చివరి మూడు కిలోమీటర్లు

ఇల్లు దగ్గరపడిందని వేగం పెంచవద్దు. అలసిన కండరం పట్టు తప్పి చీలమండ మడతపడేది ఇక్కడే. భుజాలు, చేతులు, అడుగు, ఊపిరి అని ప్రతి ఐదు నిమిషాలకోసారి నాలుగూ సరిచూసుకుంటే చాలు. ఆఖరి 500 మీటర్లు నడవండి.

9. పరుగు ముగిశాక

10 నిమిషాల నడక, తరువాత నీళ్లు, తూకం. గంటలోపు తిండి తినాలి. ఉగ్గాని మంచిదే, దానితోపాటు రెండు కోడిగుడ్లో, ఒక గ్లాసు పాలో, గుప్పెడు ఉడికించిన శెనక్కాయలో ఉంటే కండరాలకు మాంసకృత్తులు అందుతాయి. ఉగ్గానికి బజ్జీ జత కావాలనిపించడం తెలిసిందే. కడుపు కుదుటపడ్డాక, మధ్యాహ్నానికి దగ్గరగా తినండి. చీనీకాయల రసం దాహానికి బాగుంటుంది.

పరుగుకు ముందుగాని, మధ్యలోగాని నొప్పి మాత్రలు వేసుకోవద్దు. నీరు తగ్గిన ఒంట్లో ఐబుప్రోఫెన్ వంటివి మూత్రపిండాలకు హాని చేస్తాయి. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

నోటుపుస్తకంలో ఐదు విషయాలు రాసుకోండి: ఎన్ని గంటలకు మొదలైంది, ఏం తిన్నారు, ఎంత తాగారు, కష్టం ఏ కిలోమీటరులో వచ్చింది, ఏం చేస్తే తగ్గింది. నాలుగు ఆదివారాలు రాస్తే మీ కారణం మీకే కనబడుతుంది.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ప్రతి ఆదివారం అదే కిలోమీటరు దగ్గర చతికిలబడుతుంటే, ఆ చోటికి అరగంట ముందు తినే అలవాటు చేయండి. సమస్య తొంభై పాళ్లు తిండిదో వేగానిదో అయి ఉంటుంది.

బృందంలోని వేగవంతుడితో కలిసి పోవడం మరొక తప్పు. ఆయనకు ఆ వేగం సులువు, మీకు రేసు. తొలి 5 కిలోమీటర్లు వేరుగా పరుగెత్తి, తరువాత చుట్టు దగ్గర కలుసుకోండి.

శనివారం పెళ్లి భోజనం, రాత్రి పన్నెండింటికి నిద్ర, 4.30కు పరుగు: ఇలాంటి వారంలో లాంగ్ రన్‌ను సోమవారానికో, మంగళవారానికో జరపండి. లేదా 18ని 12 చేయండి. ముహూర్తాల నెలల్లో ఈ సర్దుబాటు తప్పదు.

రేసు రోజున కొత్త బూట్లు, కొత్త తినుబండారం వాడాలనుకునేవారు వాటిని ముందుగా ఒక లాంగ్ రన్‌లో పరీక్షించాలి.

11. మధ్యలో ఆపేసిన పరుగును ఏం చేయాలి

18లో 13 దగ్గర ఆపేస్తే, మిగిలిన 5ను మరునాడు పూర్తి చేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. అది వద్దు. సోమవారం విశ్రాంతి, మంగళవారం అరగంట నడక లేదా తేలిక పరుగు.

ఆపడానికి కారణం తిండి, వేగం, విసుగు అయితే వచ్చే ఆదివారం అదే 18ని, కారణాన్ని సరిచేసుకుని, మళ్లీ చేయండి. వేడి అయితే మూడు నాలుగు రోజులు తేలికగా ఉండి, వచ్చే ఆదివారం 14 కిలోమీటర్లు, అరగంట ముందుగా బయలుదేరి చేయండి. వడదెబ్బే తగిలి ఉంటే డాక్టరు అనుమతించేదాకా పరుగు లేదు. నొప్పి అయితే, నడకలో నొప్పి పూర్తిగా పోయేదాకా పరుగు వద్దు. వారం దాటినా పోకపోతే చూపించుకోవాలి.

రేసుకు మూడు వారాల లోపు ఇలా జరిగితే పోయిన దూరాన్ని పూడ్చుకోవడానికి ప్రయత్నించకండి. ఆ దశలో చేసే పెద్ద పరుగు ఫలితం రేసు నాటికి అందదు, అలసట మాత్రం అందుతుంది. 12, తరువాత 8 కిలోమీటర్లకు దిగి, రేసు తొలి 5 కిలోమీటర్లను 6.24కు బదులు 6.40 దగ్గర మొదలుపెట్టేలా ప్రణాళికను మార్చుకోండి.